కన్నోరింటి ఖరీదు

ఆడపిల్లలకు ఆస్తి హక్కు వచ్చి ఇన్నేళ్లయింది కదా, మరి ఆ ఆస్తి ఎక్కడ అని ఎవరైనా అడిగితే మన దగ్గర రెండు జవాబులు సిద్ధంగా ఉంటాయి. చట్టం అమలు కావడం లేదన్నది ఒకటి. ఆడవాళ్లకు చట్టం గురించి తెలియదన్నది రెండోది. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల పల్లెల్లో కాస్త తిరిగినవాళ్లకి ఈ రెండూ సగం నిజాలేనని అర్థమవుతుంది. చాలామందికి తమకు వాటా ఉందని తెలుసు. తెలిసే వదులుకుంటారు. తమ్ముడి బండి వెనక కూచుని సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకి వెళ్తారు. హక్కు విడుదల దస్తావేజు మీద సంతకమో వేలిముద్రో వేస్తారు. ఎదురుగా ఉన్న హోటల్లో టిఫిన్ తిని, తమ్ముడు కొనిచ్చిన చీర పట్టుకుని అత్తవారింటికి తిరిగి వెళ్తారు. బలవంతం చేసినవాళ్లు ఎవరూ కనపడరు. ఎందుకిలా చేశారని అడిగితే వచ్చే మాట దాదాపు ఒకటే: "ఎకరం నేల కోసరం కన్నోరిల్లు ఒగ్గుకుంటామేటి?"

ఈ మాటని మనం సాధారణంగా జాలిగా వింటాం. పితృస్వామ్యం ఆమె నోటితో మాట్లాడుతోందని ఒక ముక్క అనేసి ముందుకి సాగిపోతాం. నాకు ఈ మాటలో ఒక లెక్క వినిపిస్తుంది. ఆమె దగ్గర ఒక హక్కు ఉంది. ఎదుటివాళ్ల దగ్గర ఆమెకి కావలసినదొకటి ఉంది. రెండిటినీ తూచి చూసుకుని ఒకటి ఇచ్చి ఇంకొకటి తీసుకుంది. బేరం చేసింది. మరి ఆమె తెలిసి, ఇష్టపడి చేసుకున్న బేరం అన్యాయమైనదని అనే అధికారం మనకెక్కడిది? అనకుండా ఊరుకుంటే మనం ఏ అన్యాయానికి సాక్షి సంతకం పెట్టినట్టు? ఈ ప్రశ్నకి సులువైన సమాధానం ఉందని నేననుకోవడం లేదు. కానీ దాన్ని జాలితోనో కోపంతోనో తేల్చేయకుండా, లెక్కలోకి దిగి చూడాలనిపిస్తోంది.

హక్కుల్ని బేరపు సరుకుగా చూడటం అర్థశాస్త్రంలో బాగా స్థిరపడిన ఆలోచన. రోనాల్డ్ కోస్ అనే ఆర్థికవేత్త 1960లో సామాజిక వ్యయం గురించి రాసిన వ్యాసం దీనికి మూలం. ఆయనకి 1991లో నోబెల్ బహుమతి రావడానికి ఉన్న ముఖ్య కారణాల్లో ఆ వ్యాసం ఒకటి. దాని సారాన్ని మన వైపు ఉదాహరణతో చెప్పుకుందాం. పలాసలో జీడిపిక్కలు కాల్చే బట్టీ ఒకటి ఉందనుకోండి. దాని పొగ పక్కింటి దండెం మీద ఆరేసిన బట్టల మీద మసిలా పడుతోంది. బట్టీవాడు తప్పు చేస్తున్నాడని మనం అంటాం. కోస్ అలా అనడు. పొగ ఆపితే బట్టీకి నష్టం, ఆపకపోతే ఇంటికి నష్టం, కాబట్టి ఈ హాని రెండు వైపులా ఉంది అంటాడు. హక్కు ఎవరిదో చట్టం స్పష్టంగా తేల్చేస్తే చాలు. మాట్లాడుకోవడానికీ ఒప్పందం రాసుకోవడానికీ ఖర్చేమీ లేదనుకుంటే, ఇద్దరూ బేరమాడుకుని ఇద్దరికీ కలిపి ఎక్కువ లాభముండే చోటికే చేరతారు. పొగ వదిలే హక్కు బట్టీదైతే ఇంటివాళ్లు డబ్బిచ్చి ఆపించుకోవచ్చు. మంచి గాలి పీల్చే హక్కు ఇంటిదైతే బట్టీ యజమాని డబ్బిచ్చి ఒప్పించుకోవచ్చు. చట్టం హక్కుని ఎటు పెట్టినా చివరికి బట్టీ నడుస్తుందా లేదా అన్నది మారదు. డబ్బు ఎవరి జేబులోంచి ఎవరి జేబులోకి వెళ్తుందన్నదే మారుతుంది.

ఆయన చర్చించిన అసలు కేసుల్లో ఒకటి 1879లో లండన్ కోర్టు తీర్పిచ్చినది. ఒక మిఠాయి తయారీదారు యంత్రాల చప్పుడు పక్కన ఉన్న డాక్టరు పనికి అడ్డమైంది. కోర్టు డాక్టరు పక్షాన నిలిచింది. తీర్పు ఎటు వచ్చినా వాళ్లిద్దరూ తర్వాత బేరం కుదుర్చుకోవచ్చు కదా అన్నాడు కోస్. ఆయనకి న్యాయం చెయ్యాలంటే ఇంకో మాట కూడా చెప్పాలి. ఖర్చు లేని బేరం ఊహలోదేనని, నిజలోకంలో హక్కు ఎవరికిచ్చామన్నది చాలా ముఖ్యమవుతుందని ఆయనే రాశాడు. ఆయన పేరు చెప్పుకునే చాలామంది ఆ రెండో సగాన్ని పక్కకి నెట్టేశారు.

మళ్లీ మన దండెం దగ్గరికి వద్దాం. మసి పడ్డ బట్టల్ని రెండోసారి ఉతికేది ఎవరు? బట్టీ యజమాని దగ్గరికి మాట్లాడటానికి వెళ్లేది ఎవరు? ఉతికేది ఇల్లాలు, మాట్లాడేది ఇంటాయన. ఆమె ఉతుకుకి కూలి లేదు కాబట్టి ఇంటి నష్టం లెక్కలో సున్నా దగ్గర్లో ఉంటుంది. ఆయన చవగ్గా ఒప్పేసుకుంటాడు. వచ్చిన నాలుగు రూపాయలూ ఆయన చేతిలోనే పడతాయి. రెండు పక్షాలూ సంతోషించిన బేరమే ఇది. నష్టపోయిన మనిషి ఏ పక్షంలోనూ లేదు. బట్టీ లోపల కూచుని పిక్కలు కొడుతూ ఆ జీడి నూనెకి వేళ్లు కాల్చుకునే ఆడకూలీలు కూడా ఏ పక్షంలోనూ లేరు. కోస్ లెక్కలో 'ఇల్లు' ఒక మనిషిలా మాట్లాడుతుంది. ఇంటి లోపల ఇంకో బేరం జరుగుతుందని, అందులో బలాబలాలు సమానంగా ఉండవని బీనా అగర్వాల్ లాంటి స్త్రీవాద ఆర్థికవేత్తలు ఏళ్ల తరబడి చెబుతూ వచ్చారు. కాబట్టి బేరం గురించి మనం వేయాల్సిన మొదటి ప్రశ్న అది లాభసాటిదా కాదా అని కాదు. ఇందులో పక్షం ఎవరు, సరుకు ఎవరు అని.

ఈ ప్రశ్నని మన గడ్డ మీద చాలా ముందే వేశారు. విజయనగరం ఆనందగజపతి మహారాజు శుల్కవివాహాల మీద మద్రాసు శాసనసభలో బిల్లు తెచ్చిన కాలంలో, అప్పటి విశాఖపట్నం జిల్లా బ్రాహ్మణ కుటుంబాల్లో మూడేళ్లలో జరిగిన అలాంటి పెళ్లిళ్ల జాబితా ఒకటి తయారు చేయించారు. ఆ లెక్క 1034కి తేలిందని గురజాడ అప్పారావు 'కన్యాశుల్కం' తొలి ముద్రణకి (1897) ఇంగ్లీషులో రాసుకున్న ముందుమాటలో చెప్పాడు. ఆ జాబితాలో ఏడాది వయసు పిల్లలు కూడా ఉన్నారు. కడుపులో ఉన్న పిల్లలకు సైతం బేరాలు కుదిరేవని ఆయన రాశాడు. ఆ బేరాల్లో కోస్ అడిగేవన్నీ ఉన్నాయి. ఇద్దరు ఇష్టపూర్వకమైన పక్షాలు, స్పష్టమైన ధర, తక్కువ ఖర్చుతో కుదిరే ఒప్పందం. తండ్రికి డబ్బు వచ్చింది, ముసలి వరుడికి పెళ్లాం దొరికింది. ఇద్దరి లాభమూ పెరిగింది. లుబ్ధావధాన్లకీ అగ్నిహోత్రావధాన్లకీ మధ్య జరిగిన సంప్రదింపుల్లో లోపమల్లా ఒక్కటే. సుబ్బి అందులో పక్షం కాదు.

ఆ తర్వాత వందేళ్లలో చట్టం ఆడపిల్లని సరుకు స్థానం నుంచి పక్షం స్థానానికి మెల్లగా తీసుకొచ్చింది. 1937 చట్టం విధవకి భర్త ఆస్తిలో వాటా ఇచ్చింది గానీ అనుభవించడానికే, అమ్మడానికి కాదు. 1956 హిందూ వారసత్వ చట్టం ఆ పరిమిత హక్కుని పూర్తి హక్కు చేసింది. అయినా ఉమ్మడి కుటుంబ ఆస్తిలో పుట్టుకతో వచ్చే హక్కు మగపిల్లలకే ఉంచింది. ఆంధ్రప్రదేశ్ 1986లో చేసిన సవరణ చట్టం ఆ హక్కుని 1985 సెప్టెంబరు 5 నుంచి ఆడపిల్లలకు కూడా ఇచ్చింది. అంతకు ముందే పెళ్లయిపోయిన వాళ్లని మాత్రం బయట పెట్టింది. 2005లో కేంద్రం చేసిన సవరణతో పెళ్లితో సంబంధం లేకుండా కూతుళ్లందరూ కొడుకులతో సమానమయ్యారు. తండ్రి ఇంట్లో వాటా పంచమని ఆడపిల్ల అడగకూడదన్న 23వ సెక్షన్ కూడా అప్పుడే పోయింది. ఆ సవరణ నాటికి తండ్రి బతికి ఉండాలా అన్న వివాదాన్ని, అక్కర్లేదని చెప్పి, 2020 ఆగస్టు 11న వినీతా శర్మ కేసులో సుప్రీంకోర్టు ముగించింది. కాగితం మీద ఇంతకన్నా స్పష్టమైన హక్కు ఉండదు. కోస్ చెప్పిన మొదటి షరతు తీరిపోయింది.

ఇప్పుడు బేరం చూద్దాం. ఒక అప్ప, ఒక తమ్ముడు. మధ్యలో తండ్రి వదిలి వెళ్లిన రెండెకరాల పల్లం. బేరం కుదరకపోతే ఎవరి పరిస్థితి ఏమిటి? అమర్త్యసేన్ 1990లో కుటుంబంలోని 'సహకార సంఘర్షణల' గురించి రాస్తూ దృష్టి పెట్టమన్నది ఈ చోటనే. బేరం చెడిపోతే తక్కువ నష్టపోయేవాడిదే పైచెయ్యి. తమ్ముడికి బేరం కుదరకపోయినా ఏమీ మారదు. నేల అతని నాగలి కిందే ఉంది. నీటి తీరువా కడుతున్నది అతనే. బ్యాంకులో పంట అప్పు తెచ్చుకుంటున్నదీ అతనే. అప్పకి బేరం చెడిపోవడమంటే కోర్టు. వకీలు ఫీజు, వాయిదాలు, అత్తవారింట్లో 'ఎందుకొచ్చిన గొడవ' అనే సణుగుడు. అన్నిటికీ మించి, కన్నవారి గడప మూసుకుపోవడం.

ఆ గడప విలువని సెంటిమెంటు అని కొట్టిపారేయలేం. సంక్రాంతికి పిలుపు, తొలి కాన్పు, సారె, పిల్ల పెళ్లిలో మేనమామ పీట, ఇవన్నీ అందులో ఉన్నాయి. ఇంకా గట్టివి కూడా ఉన్నాయి. మొగుడు కొట్టినప్పుడు రాత్రికి రాత్రి వెళ్లి తలుపు తట్టగల చోటు అది. మన జిల్లాల మగాళ్లు హైదరాబాదు, చెన్నై భవనాల పనులకి వలసపోతారు. అక్కడ పరంజా మీంచి పడిపోయినవాడి పెళ్లాం పిల్లలతో తిరిగి రాగల చోటు అది. ఏ ప్రభుత్వ పథకమూ ఇవ్వని బీమా అది. ఎకరం ఇచ్చి ఆ బీమా కొనుక్కున్నది కాబట్టి ఆమెకి తెలివి లేదని ఎవరూ అనలేరు. ఆమె స్థితిలో నేనున్నా అదే లెక్క వేసుకుంటానేమో.

లెక్క తప్పు కాదు. బేరం ఆకారంలోనే వంకర ఉంది. ఆమె ఇచ్చినది స్టాంపు కాగితం మీద రాసి, సాక్షులతో, వేలిముద్రలతో రిజిస్టరు అయింది. ఆమెకి వచ్చినది ఏ ఆఫీసులోనూ రిజిస్టరు కాదు. 'నా అప్పని జీవితాంతం పండక్కి పిలుస్తాను, కష్టమొస్తే తలుపు తీస్తాను' అని తమ్ముడు రాసిచ్చే దస్తావేజు లేదు. రేపు మరదలికి ఇష్టం లేకపోతే, తమ్ముడే ముందు పోతే, మేనల్లుడు పట్నంలో స్థిరపడి ఇల్లు అమ్మేస్తే, ఆమె ఏ కోర్టులో ఏం అడుగుతుంది? సగం మాత్రమే చట్టానికి కనిపించే బేరం ఇది. ఆ కనిపించే సగం ఎప్పుడూ ఒక్కవైపుకే పోతుంది.

ఆప్యాయత ఉన్నచోట ఈ కాగితాల గోలెందుకు అనేవాళ్లున్నారు. వాళ్లని ఒకటి అడగాలి. ముసలాయన బతికున్నంత కాలం పట్టాదారు పాస్ పుస్తకం తన పేరు మీదే ఎందుకుంచుకుంటాడు? ఇచ్చేస్తే కొడుకులు అన్నం పెట్టరేమోనని. ఈ జాగ్రత్తని ఎవరూ ప్రేమలేనితనం అనరు, లోకజ్ఞానం అంటారు. తండ్రికి లోకజ్ఞానమైనది కూతురికి దురాశ ఎలా అవుతుంది? హక్కు చేతిలో ఉంచుకోవడం ఆప్యాయతని చంపుతుందన్న సూత్రం ఒక్క ఆడపడుచుల విషయంలోనే వర్తిస్తుందా?

కట్నం ఇచ్చేశాం కదా అన్నది ఇంకో జవాబు. ఇది విన్నంత బలహీనమైన వాదన కాదు. పిల్ల పెళ్లికి చేసిన అప్పు తీర్చడానికి ఆ రెండెకరాల్లో సగం తాకట్టు పడి ఉండొచ్చు. తమ్ముడూ పేదవాడే. కానీ కట్నం వెళ్లినది ఆమె చేతికి కాదు, అత్తమామల చేతికి. 1961 వరకట్న నిషేధ చట్టం 6వ సెక్షన్ ప్రకారం ఎవరు తీసుకున్నా దాన్ని వధువుకే అప్పగించాలి. ఎన్ని ఇళ్లలో అప్పగించారు? ఒక ఇంట్లో 'ఇచ్చేశాం' అనిపించుకుని, రెండో ఇంట్లో 'నీదేముంది' అనిపించుకుని, రెండు జమాఖర్చుల మధ్య ఆమె వాటా మాయమవుతుంది.

విజయనగరంలో దసరా వెళ్లిన మంగళవారం సిరిమాను ఊరేగుతుంది. పైడితల్లి పూసపాటి వారి ఆడపడుచని, 1757 బొబ్బిలి యుద్ధంలో అన్న విజయరామరాజు పోయాడన్న కబురు విని తట్టుకోలేక ప్రాణం వదిలిందని, పెద్దచెరువులో ఆమె ప్రతిమ దొరికిందని ఐతిహ్యం. కన్నవారి తరఫున ఆమెకి పట్టుబట్టలు పెడతారు. నాకు ఆ అమ్మవారంటే గౌరవమే. కానీ అన్న కోసం ప్రాణమిచ్చిన ఆడపడుచుని కొలిచే చోట, అన్నని వాటా అడిగిన ఆడపడుచుకి ఏ స్థానముంటుందో ఊహించుకోవడం కష్టం కాదు. బేరానికి అయ్యే ఖర్చుల గురించి ఆర్థికవేత్తలు వకీలు ఫీజులు, ప్రయాణాలు, సమయం అని రాస్తారు. 'అన్నని కోర్టుకీడ్చిన గుంట' అన్న మాట ఖర్చు వాళ్ల పట్టికల్లో లేదు. మన వైపు అన్నిటికన్నా పెద్ద ఖర్చు అదే.

ఇదే సంతకం ఇంకో చోట ఇంకో ధర పలకడం ఈ మధ్య చూస్తున్నాం. ఆనందపురం దాటిన దగ్గర్నించి భోగాపురం, రణస్థలం దాకా జాతీయ రహదారి వెంబడి, ముఖ్యంగా విమానాశ్రయం మాట వచ్చాక, నేలల రేట్లు పెరిగాయి. బయటి నుంచి వచ్చిన కొనుగోలుదారుడి వకీలు లింకు దస్తావేజులు చూసి, ఆడపిల్లలందరి సంతకాలూ కావాలంటాడు. అంతవరకు గుర్తుకురాని అప్పల కోసం అప్పుడు కార్లు బయలుదేరతాయి. ఏళ్ల క్రితం పెళ్లయి వెళ్లిపోయిన ఆడపడుచు ఇంటికి పళ్లూ స్వీట్లూ వస్తాయి. కొందరు ఆ రోజు నోరు తెరిచి అడుగుతారు, కొంత తెచ్చుకుంటారు కూడా. ఇక్కడ జాగ్రత్తగా గమనించాల్సిన విషయం ఒకటుంది. చట్టం అదే, అప్ప అదే, తమ్ముడూ అదే. మారింది ఒక్కటే. ఇప్పుడు ఆమె 'కాదు' అంటే ఆగిపోయేది తమ్ముడి పని. తను వెళ్లి అడగక్కర్లేదు, తననే వచ్చి అడుగుతున్నారు. హక్కు ఎక్కడ పెట్టినా ఫలితం ఒకటే అన్న మాట ఎంత తేలికైనదో ఇక్కడ తెలుస్తుంది. అడిగే భారం ఎవరి మీద ఉందన్నదే బేరం సగం.

ఈ భారం సంగతి ఇంటి బేరాలకే పరిమితం కాదు. సోంపేట బీలని తలుచుకోండి. ఏడాది పొడుగునా నీళ్లుండే ఆ చిత్తడి నేల చుట్టుపక్కల ఊళ్లకి సాగునీరు, చేపలు, పశువులకి మేత ఇస్తుంది. రికార్డుల్లో అందులో ఎక్కువ భాగం ప్రభుత్వానిది. థర్మల్ విద్యుత్ కేంద్రం కోసం దాన్ని నాగార్జున కన్‌స్ట్రక్షన్ కంపెనీకి కేటాయించారు. హక్కున్న పక్షానికీ కావలసిన పక్షానికీ మధ్య బేరం చక్కగా కుదిరింది. గడ్డి కోసుకుని గేదెని మేపుకునే ఆమె ఆ బేరంలో లేదు. ఆమెకి పట్టా లేదు కాబట్టి పరిహారంలోనూ లేదు. పట్టాలున్న ఇళ్లలో కూడా పేరు మగాడిదే.

కోస్ ప్రకారం బీల ఆమెకి అంత విలువైనదైతే ఆమె, ఆమె లాంటి వాళ్లు కలిసి కంపెనీకి డబ్బిచ్చి వెనక్కి పంపాలి. ఎక్కడి నుంచి తెచ్చి ఇస్తారు? ఒక వస్తువుని వదులుకోవడానికి ఎంత అడుగుతామన్నది ఒకటి, దాన్ని కొనుక్కోవడానికి ఎంత ఇవ్వగలమన్నది వేరొకటి. ఉన్నవాళ్లకి ఈ రెండిటి మధ్య దూరం తక్కువ. లేనివాళ్లకి అది ఆకాశమూ నేలా. అందుకే హక్కు మొదట ఎవరి చేతిలో పెట్టామన్నది పేదవాళ్ల విషయంలో ఫలితాన్నే మార్చేస్తుంది. ఏళ్ల తరబడి దీక్షలు నడిచాయి. 2010 జులై 14న పోలీసు కాల్పుల్లో ప్రాణాలు పోయాయి. ఆ పోరాటంలో ఆడవాళ్లు ముందు వరసల్లో ఉన్నారు. అదే రోజు జాతీయ పర్యావరణ అప్పీళ్ల సంస్థ ఆ ప్రాజెక్టు పర్యావరణ అనుమతిని రద్దు చేసింది. కేంద్రం అక్కడ రాలేదు. 2011 ఫిబ్రవరి 28న కాకరాపల్లిలో ఇంకో థర్మల్ కేంద్రం దగ్గర మళ్లీ కాల్పులు జరిగాయి. బేరంలో కుర్చీ వేయని వాళ్లు రోడ్డెక్కి తమ 'కాదు'ని వినిపించుకోవలసి వచ్చింది. చట్టం ముందే ఇచ్చి ఉండాల్సిన మాటకి వాళ్లు ప్రాణాలతో చెల్లించారు.

అయితే ఏం చెయ్యాలి? కొన్ని హక్కుల్ని అసలు అమ్మకానికే లేకుండా చేసేస్తే? కాలబ్రేసీ, మెలమెడ్ అనే న్యాయశాస్త్రవేత్తలు 1972లో హక్కుల రక్షణని మూడు రకాలుగా విడదీశారు. యజమాని ఒప్పుకున్న ధరకే పోయేవి, కోర్టు కట్టిన పరిహారానికి పోయేవి, యజమాని ఒప్పుకున్నా పోకూడనివి. మూడో రకం మనకి బాగా తెలుసు. అప్పులిచ్చి గిరిజనుల నేలలు కాజేసిన షావుకార్ల చరిత్ర, దాని మీద 1960ల చివర శ్రీకాకుళం కొండల్లో లేచిన పోరాటం మనం మర్చిపోలేదు. 1959 నాటి భూబదలాయింపు నిబంధనల్ని సవరిస్తూ వచ్చిన 1970 నాటి ఒకటవ రెగ్యులేషన్, మనం 1/70 అని పిలుచుకునేది, షెడ్యూల్డ్ ప్రాంతంలో నేల గిరిజనేతరులకి పోకూడదంది. సవర రైతు ఇష్టపడి అమ్మినా ఆ అమ్మకం చెల్లదు. ఆ ఇష్టం వెనక షావుకారి పద్దుపుస్తకం ఉందని చట్టం గుర్తించింది. మరి ఆడపడుచు ఇష్టం వెనక ఏముందో కూడా గుర్తించి, హక్కు విడుదలని నిషేధించవచ్చు కదా?

నాకు ఈ ఆలోచన ఆకర్షణీయంగానూ భయంగానూ ఉంటుంది. అమ్మకూడని ఆస్తి ఆడవాళ్లకి కొత్త కాదు. 1956కి ముందు విధవ చేతిలో ఉన్నది సరిగ్గా అదే. ఆమె బతికినంత కాలం తినొచ్చు. అమ్మాలంటే 'అవసరం' రుజువు చెయ్యాలి. ఆమె పోయాక అది భర్త వారసులకి పోతుంది. ఆమెకి తెలివి లేదని, ఎవడో మాయ చేస్తాడని, ఆమె కోసమే ఈ కట్టడి అని చెప్పేవారు. 1/70లోనూ, విధవ పరిమిత హక్కులోనూ మాట ఒకటే, 'నువ్వు అమ్మలేవు'. కానీ మొదటిది నేలని షావుకారి నుంచి కాపాడింది. రెండోది నేలని ఆమె నుంచే కాపాడింది, దాయాదుల కోసం. కాబట్టి అమ్మరాని హక్కు మంచిదా చెడ్డదా అన్న ప్రశ్నకి, ఆ కట్టడి వల్ల చివరికి నేల ఎవరి చేతిలో మిగులుతుందన్నదే కొలబద్ద. రేపు అదే ఆడపడుచు కొడుకు చదువుకో, తన ఆపరేషనుకో వాటా అమ్ముకోవాలనుకుంటే ఆమెని ఆపే చట్టం నాకు అక్కర్లేదు.

నిషేధం వద్దు. అడిగే భారం మాత్రం తిరగబడాలి. ఇవాళ తండ్రి పోయాక అందరూ ఊరుకుంటే నేల కొడుకులదవుతుంది. ఆమె మౌనం ఆమెకి వ్యతిరేకంగా పనిచేస్తుంది. అందరూ ఊరుకుంటే కూతుళ్ల పేర్లు కూడా అడంగల్‌లోకి, పాస్ పుస్తకంలోకి వాటంతటవే ఎక్కేలా చేస్తే, అదే మౌనం ఆమె పక్షాన ఉంటుంది. మరణం నమోదైన రోజునే వారసులందరి పేర్లూ ఎక్కాలి, ఎవరూ దరఖాస్తు పెట్టనక్కర్లేకుండా. పేరు ఎక్కిన ఏడాది లోపు హక్కు విడుదల రాయకూడదు. ఏడాది తర్వాత రాయదలచుకుంటే సబ్ రిజిస్ట్రారు ఆమెతో ఒంటరిగా మాట్లాడాలి, ఆమె వాటా విలువ ఎంతో రూపాయల్లో చదివి వినిపించాలి. అది విన్నాక కూడా ఇవ్వాలనుకుంటే ఇస్తుంది. అప్పుడది దానం. తన దగ్గర ఎంత ఉందో తెలిసినవాళ్లే దానం చెయ్యగలరు.

దీనివల్ల అన్నదమ్ముల మనసులు మారతాయని నేననను. పేర్లు ఎక్కకుండా పైరవీలు జరుగుతాయి, ఏడాది పూర్తికాగానే బండి వాకిట్లోకి వస్తుంది. అయినా ఒక తేడా ఉంటుంది. ఇవాళ వాటా అడిగే పిల్ల ఒంటరిగా నిలబడి ఊరందరి ముందు తమ్ముడితో తగువు పెట్టుకున్నదవుతుంది. పేరు దానంతటదే ఎక్కితే ఆమె ఏమీ అడగలేదు, ఎవరి మీదా తిరగబడలేదు. ఊరి కంట చెడ్డదయ్యే పని చెయ్యకుండానే హక్కుదారు అవుతుంది. మంచి ఆడపడుచు కావడానికీ వాటాదారు కావడానికీ మధ్య ఒకటే ఎంచుకోమనే పరిస్థితిని తీసెయ్యడం చట్టం చెయ్యగల పని. ప్రేమని చట్టం పుట్టించలేదు. కానీ ప్రేమకి ధర కట్టించే స్థితి నుంచి ఆమెని బయట పెట్టగలదు.

బేరం చెడ్డదని నేననుకోను. సంతలో చింతపండు అమ్ముకునే సవర స్త్రీ నుంచి జీతం పెంచమని అడిగే అధ్యాపకురాలి దాకా అందరం బేరమాడే బతుకుతున్నాం. బాగా బేరమాడటం మనం నేర్చుకోవలసిన విద్యే. కానీ కుదరకపోతే లేచి ఇంటికి వెళ్లిపోగలిగిన వాళ్లే నిజంగా బేరమాడగలరు. కూతుళ్లకి మనం ఇవ్వవలసిన ఆస్తిలో మొదటిది అదే: లేచి వెళ్లడానికి, కన్నవాళ్ల దయ మీదా అత్తవాళ్ల దయ మీదా ఆధారపడని ఒక చోటు.